సీత చూడని కన్నీళ్లు

'లవకుశ'ను మనం భక్తి చిత్రాల వరసలో పెడతాం. శ్రీరామనవమి నాడు పానకం, వడపప్పు అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా అది. పాటలన్నీ నోటికి వచ్చిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. నేనూ అలాగే చూస్తూ పెరిగాను. కానీ ఇంట్లో ఒక చావు చూశాక అది నాకు వేరే సినిమాగా కనిపించసాగింది. దేవుడి కథ కంటే ముందు అది ఒక సంసారం విడిపోయిన కథ. భార్యను ప్రాణంగా చూసుకునే భర్త, భర్తను తప్ప ఇంకొకరిని తలవని భార్య. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అయినా ఆ ఇల్లు నిలవలేదు.

లోకనింద వల్ల విడిపోయారని అందరూ చెబుతారు. ఆ జవాబు నాకు చాలదు. లోకం దూరం చేసినా మనసులో కలిసి బతికినవాళ్లు ఎందరో ఉన్నారు. సీతారాముల మధ్య తెగింది ఇంకొకటి. రాముడి దుఃఖం సీతకు తెలియలేదు, సీత దుఃఖాన్ని రాముడు కళ్లతో చూడలేదు. కట్టుకున్న మనిషి దగ్గర కూడా దుఃఖాన్ని దాచుకోవడం ధైర్యమా? దాన్ని ధర్మం ఒప్పుకుంటుందా? ఇక్కడ నేను అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

నేను పండితురాలిని కాను. అమీర్‌పేటలో మైత్రీవనానికి కాస్త దూరంలో ఒక సందులో మా వారూ నేనూ కలిసి డీటీపీ షాపు నడుపుతున్నాం. చుట్టూ కోచింగ్ సెంటర్లు. వైటుకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల బయోడేటాలు టైపు చేశాం, ఇప్పుడు వేరే కోర్సుల పిల్లలవి చేస్తున్నాం. అయితే మా పొయ్యి మీద అన్నం ఉడికింది ముఖ్యంగా రెండు రకాల పనితోనే. ఒకటి శుభలేఖలు, రెండోది దశదినకర్మ కార్డులు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో రెండూ నేనే కంపోజ్ చేస్తాను. ప్రూఫు దిద్దేటప్పుడు ఒక కార్డులో వరుడి తండ్రిగా ఉన్న పేరు, కొన్నేళ్లకు ఇంకో కార్డులో ఫొటో కింద కనిపిస్తుంది. కర్మ కార్డు మీద చాలామంది భగవద్గీత రెండో అధ్యాయంలోని ఇరవై ఏడో శ్లోకం వేయించుకుంటారు. పుట్టినవాడికి చావు తప్పదు, కనుక శోకించవద్దని చెప్పే శ్లోకం. అది ఎన్నిసార్లు కంపోజ్ చేశానో నాకే తెలియదు.

ఇన్నేళ్లలో ఒక్క రకం కార్డు మాత్రం నా చేతి మీదుగా వెళ్లలేదు. పసిబిడ్డ పోయినప్పుడు ఎవరూ కార్డు వేయించరు. పిలవడానికి కర్మ ఉండదు, వచ్చి కూర్చోవడానికి పదో రోజు ఉండదు.

మా బాబుకూ లేదు. వాడు ఏడాది దాటి గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న రోజుల్లో పోయాడు. జ్వరం మెదడుకు పాకిందన్నారు డాక్టర్లు. అప్పుడు మేం బల్కంపేటలో అద్దెకుండేవాళ్లం. తెల్లగుడ్డలో చుట్టి మా మామయ్య, మా వారు, మా అన్నయ్య పంజాగుట్ట శ్మశానానికి తీసుకెళ్లారు. నేనూ వస్తానని లేచాను. "తల్లి రాకూడదమ్మా" అంది అత్తయ్య నా భుజం పట్టుకుని. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆవిడ కూడా ఒకప్పుడు ఒక ఆడపిల్లను అలాగే గుమ్మంలోంచి పంపింది. మగవాళ్లు తిరిగొచ్చి బయటే స్నానాలు చేసి లోపలికి వచ్చారు. అంత చిన్నవాళ్లకు కర్మలు ఉండవని, మైల కూడా త్వరగానే తీరుతుందని పురోహితుడుగారు చెప్పి వెళ్లారు.

ఆ వారంలోనే మా వారు షాపు తెరిచారు. పెళ్లిళ్ల సీజను, శుభలేఖలకు అడ్వాన్సులు తీసుకుని ఉన్నాం. ఆయన కంట తడి నేను చూడలేదు. నేను ఏడుస్తుంటే లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవారు. రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చేవారు. బాబు బట్టలు, పాలసీసా ఉన్న పెట్టెను అటక మీద పెట్టేశారు. ఎవరైనా పలకరించడానికి వస్తే "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు" అని ఒక మాట చెప్పి ఊరుకునేవారు. ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే బిడ్డను పోగొట్టుకున్నాం. అయినా ఎవరి చావుకు వాళ్లం ఏడుస్తున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు నేను సూర్యాపేటలో మా పుట్టింటికి వెళ్లాను. తిరిగి రావాలనిపించలేదు.

విడాకుల మాట కూడా వచ్చింది. మా బంధువుల్లో ఒక లాయరుగారు హిందూ వివాహ చట్టం విప్పి చెప్పారు. 1955 నాటి చట్టం. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976 సవరణతో వచ్చింది. ఏడాదైనా విడిగా ఉండాలి, కలిసి అర్జీ పెట్టుకోవాలి, ఆరు నెలలు ఆగి మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల గడువును కోర్టు అవసరాన్ని బట్టి మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది కానీ, మా రోజుల్లో ఆగక తప్పేది కాదు. ఒకరే విడాకులు కోరితే చూపించాల్సిన కారణాల జాబితా కూడా ఆయన చదివారు. క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం, మతం మారడం, మతి తప్పడం, ఇలా. మా వారు నన్ను ఒక్క మాట అనలేదు, చెయ్యెత్తలేదు, ఇంకో మనిషి వైపు చూడలేదు. ఆ జాబితాలో మా కష్టానికి చోటే లేదు.

ఆ ఏడు శ్రీరామనవమికి మా అమ్మ పక్కన కూర్చుని 'లవకుశ' చూశాను.

ఆ సినిమా వెనక కూడా ఒక ఇంటి కథ ఉంది. సి. పుల్లయ్యగారు ఇదే కథను 1934లో ఒకసారి తీశారు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారని మా తాతయ్య చెప్పేవారు. పాతికేళ్ల తరవాత పుల్లయ్యగారు మళ్లీ అదే కథను రంగుల్లో మొదలుపెట్టారు. డబ్బు అందక పని ఆగిపోయింది, ఆయన ఆరోగ్యం కుంగింది. కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1963 మార్చిలో విడుదలైంది. తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన తొలి చిత్రం అది. ఎన్టీఆర్ రాముడు, అంజలీదేవి సీత, కాంతారావు లక్ష్మణుడు, నాగయ్య వాల్మీకి. 2011లో బాపు మళ్లీ ఈ కథనే 'శ్రీరామరాజ్యం'గా తీశారు. తెలుగువాళ్లు మూడు తరాలుగా థియేటర్‌కు వెళ్లి మరీ ఏడ్చిన కథ ఇది. ఇంట్లో ఏడవలేని ఏడుపును ఆ చీకట్లో ఏడ్చి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరుంటారో.

ఆ రోజు చూస్తుంటే నా మనసు పట్టింది చాకలి ఇంటి గొడవ దగ్గర. రేలంగి, గిరిజ ఆ భార్యాభర్తలు. వాళ్ల పోట్లాట వీధికెక్కుతుంది. ఇరుగుపొరుగు వింటారు, తలా ఒక మాట అంటారు. ఆ మాటే ఎగిరి వెళ్లి రాజుగారి ఇంటిని కూల్చింది. కానీ రాజుగారి ఇంట్లో పోట్లాటే లేదు. రాముడు వేగుల మాట విన్నాడు, తమ్ముళ్లను పిలిచాడు, ఆజ్ఞ ఇచ్చాడు. వాల్మీకి ఉత్తరకాండలోనూ అంతే. గర్భవతి అయిన సీత మునుల ఆశ్రమాలు చూడాలని అంతకుముందే కోరుకుంది. ఆ కోరికనే సాకుగా తీసుకుని లక్ష్మణుడు రథమెక్కించాడు. సుమంత్రుడు రథం తోలాడు. గంగ దాటాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు. తెలిసిందీ భర్త నోట కాదు, మరిది నోట.

రాజుగా రాముడు చేసిన దాని గురించి వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులోకి నేను వెళ్లను. నా బాధంతా ఆ ముందు రాత్రి గురించి. సీతతో ఒక్క మాట చెప్పి ఉంటే? "నేను రాజును, నా చేతులు కట్టేసి ఉన్నాయి, నిన్ను పంపుతూ నేను చస్తున్నాను" అని ఆమె ముందు కూలబడి ఉంటే? సీత అడవికే వెళ్లేది. ఆమెకు అడవి కొత్త కాదు. కానీ భర్తకు భార్యగా వెళ్లేది, పారేసిన వస్తువుగా కాదు.

ఎనిమిదో శతాబ్దపు భవభూతి ఈ గాయాన్ని నాకంటే ఎంతో ముందు పట్టుకున్నాడు. ఆయన ఉత్తరరామచరిత నాటకం మొదటి అంకంలో సీత, రాముడు, లక్ష్మణుడు తమ గత జీవితపు చిత్తరువులు చూస్తారు. అలసి సీత రాముడి చేతి మీద తల పెట్టి నిద్రపోతుంది. అప్పుడే నింద కబురు వస్తుంది. రాముడు ఏడుస్తాడు. నిద్రపోతున్న ఆమె పాదాలకు తల ఆనించి మరీ ఏడుస్తాడు. ఆమె లేచేసరికి అక్కడ ఉండడు. ఆ కన్నీళ్లన్నీ నిద్రపోయే మనిషి ముందు కార్చినవి. మూడో అంకం వచ్చేసరికి పన్నెండేళ్లు గడిచాయి. రాముడు పంచవటికి వస్తాడు. గంగాదేవి వరంతో ఎవరికీ కనబడని సీత అక్కడే ఉంటుంది. తమ పాత చోట్లు చూసి రాముడు పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తాడు, మూర్ఛపోతాడు. సీత చేయి తాకి తెలివి తెప్పిస్తుంది. వనదేవత వాసంతి రాముణ్ణి ముఖం మీదే నిలదీస్తుంది, సీత వింటుంది. ఆ అంకంలో కథ ముందుకు నడిచేది ఏమీ లేదు. ఒక భార్య తన భర్త ఏడుపును మొదటిసారి చూడటం, అంతే. కానీ దాని తరవాతే సీత మనసులోని ముల్లు కరుగుతుంది. చివరికి భవభూతి వాళ్లిద్దరినీ కలిపేశాడు. వాల్మీకి కథను కాదని కలిపేశాడు. ముందు కన్నీళ్లను కలిపి, ఆ తరవాతే మనుషులను కలిపాడు. ఆ వరస నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

వాల్మీకి దగ్గర ఆ అంకం లేదు, కలయికా లేదు. అశ్వమేధానికి భార్య పక్కన ఉండాలి. రాముడు ఇంకో పెళ్లి చేసుకోలేదు, బంగారు సీతను చేయించి పక్కన పెట్టుకున్నాడు. అది ఆయన ప్రేమకు సాక్ష్యమని అంటారు. నిజమే. అంత పెద్ద రాజు మరో స్త్రీని ఆ పీట మీద కూర్చోబెట్టకపోవడం చిన్న సంగతి కాదు. కానీ బొమ్మ ముందు ఏమీ చెప్పుకోనక్కరలేదు, బొమ్మ తిరిగి ఏమీ అడగదు. యజ్ఞం బంగారు బొమ్మను ఒప్పుకుంది. దుఃఖం ఒప్పుకోదు. ఆఖరికి సీత నిండు సభలో తల్లి భూదేవిని పిలిచి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు రాముడు అందరి ముందూ ఏడ్చాడు, సీతను తిరిగి ఇవ్వమని భూమి మీద మండిపడ్డాడు. బ్రహ్మ వచ్చి ఓదార్చాల్సి వచ్చింది. ఆ ఏడుపు వినాల్సిన మనిషి అప్పటికే లేదు.

ఇక్కడ పెద్దలు ఒక మాట అంటారని నాకు తెలుసు. దుఃఖానికి లొంగకపోవడమే కదా మన ధర్మం చెప్పింది? సుఖదుఃఖాల్లో చలించనివాడినే కదా గీత స్థితప్రజ్ఞుడు అన్నది? నేను రోజూ కంపోజ్ చేసే శ్లోకం కూడా అదే కదా?

గీత చెప్పిన మనిషే ఆ తరవాత ఏం చేశాడో చూడాలి. పదమూడో రోజు యుద్ధంలో అభిమన్యుడు పోయాడు. గీత మొత్తం విన్న అర్జునుడు కొడుకు కోసం మామూలు తండ్రిలా విలపించాడు. సైంధవుణ్ణి చంపుతానని శపథం చేశాక, సుభద్రను ఓదార్చమని కృష్ణుణ్ణి పంపాడు. కృష్ణుడు వెళ్లాడు. వీరమాతవు, శోకించకు అనే చెప్పాడు. అయినా సుభద్ర చాలాసేపు ఏడ్చింది. ద్రౌపది, ఉత్తర కూడా వచ్చి కలిశారు, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లారు. కృష్ణుడు నీళ్లు చల్లి సేదతీర్చాడు. చెప్పిన మాట విననందుకు కోప్పడలేదు, లేచి పోలేదు. గీతలోని మాట ఎంత నిజమో ఆ నీళ్లు చల్లడం కూడా అంతే నిజం. శోకించవద్దన్న మాట చెప్పడానికి కూడా శోకించేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. దూరంగా ఉండి చెబితే అది జ్ఞానం కాదు, తప్పించుకోవడం.

మహాభారతంలోనే దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న దంపతులు ధృతరాష్ట్రుడు, గాంధారి. ఆ పెళ్లి మీద ఎన్ని విమర్శలైనా చేయవచ్చు. ఆయన కొడుకును అదుపులో పెట్టలేదు, ఆమె చెప్పిన మాట వినలేదు. నిందించుకోవడానికి ఆ ఇద్దరికీ ఉన్నన్ని కారణాలు ఏ దంపతులకూ ఉండవు. అయినా స్త్రీపర్వంలో ఏం జరిగింది? ఆడవాళ్లు రణభూమికి రాకూడదని ఎవరూ అనలేదు. ధృతరాష్ట్రుడు గాంధారిని, కుంతిని, కోడళ్లను అందరినీ వెంటబెట్టుకుని కురుక్షేత్రానికి వెళ్లాడు. వ్యాసుడి వరంతో గాంధారికి ఆ నేలంతా కనబడింది. ఒక్కొక్క శవం దగ్గర పేరు పెట్టి ఏడ్చింది. ఆ తరవాత పదిహేనేళ్లు పాండవుల ఇంట ఉండి, ఇద్దరూ అడవికి వెళ్లారు. అక్కడ ఒక రాత్రి వ్యాసుడు యుద్ధంలో పోయినవాళ్లందరినీ గంగలోంచి లేపి చూపించాడు. పుట్టుగుడ్డి తండ్రికి ఆ ఒక్క రాత్రి చూపు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ కలిసి కొడుకులను చూసుకున్నారు. చివరికి కార్చిచ్చులో కుంతితో పాటు కలిసే పోయారు. సీతారాముల పెళ్లి ఆదర్శమని, వీళ్ల పెళ్లి శాపమని మనం చెప్పుకుంటాం. కానీ బిడ్డల చావును తట్టుకుని నిలబడింది ఈ పెళ్లే. వాళ్లు ఆ చావును కలిసి చూశారు కనుక నిలబడింది.

మా ఇంటి పక్కనే ఇంకో దాంపత్యం ఉంది. బల్కంపేట ఎల్లమ్మ. నేల మట్టానికి దిగువన, బావిలో వెలిసిన తల్లి. ఏటా ఆషాఢంలో మంగళవారం నాడు అమ్మవారి కల్యాణం జరుగుతుంది. ప్రభుత్వం పట్టువస్త్రాలు ఇస్తుంది, అమీర్‌పేట రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. ఎల్లమ్మ అంటే రేణుక. మనసు ఒక్క క్షణం చలించిందన్న కోపంతో జమదగ్ని కొడుకు చేతే ఆమె తల నరికించాడు. పరశురాముడు తండ్రి మాట నెరవేర్చి, వరాలు కోరుకోమంటే రెండు సంగతులు ముందు అడిగాడని వనపర్వం చెబుతుంది. అమ్మ బతకాలి, తనను చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదు. ఆ రెండో కోరిక ఎంత తెలివైనదో నాకు బాబు పోయాకే అర్థమైంది. గుర్తుంటే ఆ ఇంట్లో ఆమె మళ్లీ ఎలా పొయ్యి వెలిగిస్తుంది? కానీ మరపు దేవతలకే దక్కిన వరం. మనకు అన్నీ గుర్తుంటాయి. ఆ రోజు ఎవరు ఏమన్నారో, ఎవరు లేచి బయటికి వెళ్లారో గుర్తుంటుంది. మరిచిపోలేని మనుషులకు మిగిలిన దారి ఒక్కటే, ఇద్దరూ కలిసి గుర్తుచేసుకోవడం.

సూర్యాపేటలో పెద్దమనుషులు కూర్చున్నారు. మా మామయ్య, మా నాన్న, ఇంకో ఇద్దరు. "ఏం లోటు చేశావురా కోడలికి? ఎందుకు రానంటోంది?" అని మామయ్య మా వారినే అడిగారు. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చుని, "నేనేడిస్తే తను ఏమైపోతుందోనని భయపడ్డాను" అన్నారు. తలుపు వెనక ఉన్నదాన్ని బయటికి వచ్చి, "మీరు ఏడవకపోతే నేను ఏమైపోయానో చూడండి" అన్నాను. అప్పుడు ఏడ్చారు ఆయన. పెద్దలు లేచి వసారాలోకి వెళ్లిపోయారు. ఆ ఒక్క రోజుతో అంతా సరైందని నేను చెప్పను. నేను హైదరాబాద్ రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది. వచ్చాక మొదట అడిగింది బాబును పెట్టిన చోటు చూపించమని. ఆయన తీసుకెళ్లారు. నాకు ఆ నేల ఎక్కడో తెలియడం అవసరమైంది. బిడ్డను ఎక్కడ పెట్టారో తల్లికి తెలియని ధర్మం ఏ ధర్మం?

శాస్త్రాన్ని నేను తేలిగ్గా తీసేయను. రెండేళ్లు నిండని పిల్లలను దహనం చేయకుండా పూడ్చాలని, వాళ్లకు అగ్నిసంస్కారం, ఉదకదానం అక్కరలేదని మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతుంది. పసివాళ్లకు కర్మబంధం లేదు, వాళ్లను సాగనంపడానికి మన పిండాలతో పని లేదు అని పెద్దలు దీనికి అర్థం చెబుతారు. ఆ మాటలో దయ ఉంది. నా బిడ్డ ఏ లోకంలోనూ ఆకలితో లేడన్న ధీమా నాకు అదే ఇచ్చింది. కానీ కర్మకాండ పోయినవాళ్ల కోసమే కాదు. పది రోజులు ఇంట్లో పొయ్యి బాధ్యత చుట్టాలు తీసుకుంటారు. వచ్చినవాళ్లు పోయినవాళ్ల ముచ్చట్లు చెబుతారు. ఏడవడానికి ఒక వేళ, ఆపడానికి ఒక వేళ ఉంటాయి. పసిబిడ్డ తల్లిదండ్రులకు ఆ పది రోజులు దక్కవు. పెద్దవాళ్ల చావులోనూ కర్తగా కొడుకు ముందు ఉంటాడు, ఆడవాళ్లు గుమ్మంలో ఆగిపోతారు. భార్య పక్కన లేనిదే ఏ వ్రతమూ చెల్లదంటాం. పెళ్లిలో ధర్మార్థకామాల్లో నిన్ను దాటి నడవనని ప్రమాణం చేయిస్తాం. అదే దంపతులు అన్నిటికంటే బరువైన ఘడియలో మాత్రం ఒకరు శ్మశానంలో, ఒకరు వంటింట్లో ఉంటారు. ఇది ధర్మం చెప్పిన దూరం కాదు, అలవాటు పెట్టిన దూరం. కురుక్షేత్రానికి గాంధారి వెళ్లగలిగినప్పుడు పంజాగుట్టకు నేను వెళ్లకూడదనడానికి కారణం నాకు దొరకలేదు.

2011 నవంబరులో 'శ్రీరామరాజ్యం' వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ సినిమాకు మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణగారు విడుదల చూడకుండానే ఆ ఏడు ఫిబ్రవరిలో పోయారు. ప్రాణమిత్రుడు లేకుండా బాపుగారు ఆ సినిమాను జనం ముందుకు తెచ్చారు. తెర మీద సీత వెళ్లిపోతుంటే మా వారు నా పక్కనే కూర్చుని ఏడ్చారు. దాచుకోలేదు. నాకు అది చాలా విలువైన సంగతి.

నా జవాబు ఇది. దుఃఖాన్ని ఓర్చుకోవడం ధర్మమే, కట్టుకున్న మనిషి నుంచి దాచుకోవడం ధర్మం కాదు. లోకం ముందు రాముడిలా గంభీరంగా ఉండండి, తప్పులేదు. ఇంట్లో మాత్రం అర్జునుడిలా ఏడవండి. బిడ్డను పోగొట్టుకున్న దంపతులు మీ ఇంట్లో ఉంటే "మళ్లీ పుడతాడులే" అనకండి, పోయిన బిడ్డ పేరు పెట్టి మాట్లాడండి. తల్లి శ్మశానానికి వస్తానంటే ఆపకండి, వెళ్లలేనంటే బలవంతపెట్టకండి. పురోహితులకు నా విన్నపం: పసిబిడ్డకు కర్మ లేదని చెప్పి లేచిపోకండి. ఆ తల్లిదండ్రులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక దీపం వెలిగించమని చెప్పండి, ఆ బిడ్డ గురించి నాలుగు మాటలు మాట్లాడించండి. దానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు. ఇక ఇటీవలే ఎవరినైనా పోగొట్టుకుని, భార్య ముందు ఏడవకుండా బిగబట్టుకుని తిరుగుతున్న భర్తలు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక్క మాట: మీరు ఆమెను కాపాడుతున్నామనుకుంటున్నారు. ఆమె మాత్రం ఒంటరిగా ఉంది. ఈ రాత్రే వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.